తొమ్మిదో తరగతి పిల్లలు రాసిన చీటీలను ఎలా చదవాలి?

ప్రశ్న: భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయురాలు, హైదరాబాద్

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో భౌతిక రసాయన శాస్త్రం బోధిస్తున్నాను. మొదటి ఎఫ్.ఏ. (సంవత్సరం మధ్యలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం) జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు, దూరానికీ స్థానభ్రంశానికీ (బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటుకు తిన్నగా, దిశతో సహా కొలిచేది) తేడా రాయమంటే సగం మందికి పైగా రెండింటికీ ఒకే వాక్యం రాశారు. మూడు పీరియడ్ల పాటు చెప్పిన విషయం ఎక్కడ జారిపోయిందో పిల్లలనే అడగాలనిపించింది. మరునాడు తొమ్మిదో తరగతిలో ఒక్కొక్కరికీ పావు కాగితం ఇచ్చి, నా బోధన గురించి ఏమనుకుంటున్నారో పేరు లేకుండా రాసి బల్ల మీది డబ్బాలో వేయమన్నాను. ఇంతకు ముందెన్నడూ నేను ఈ పని చేయలేదు, చేయమని నన్నెవరూ అడగలేదు కూడా.

41 చీటీలు వచ్చాయి. వాటిలో 27 చీటీల మీద 'మేడమ్ బాగా చెబుతారు' అన్న అర్థం వచ్చే మాటలే ఉన్నాయి. ఐదుగురు నిదానంగా చెప్పమన్నారు, నలుగురు ఇంకొంచెం త్వరగా చెప్పమన్నారు. రెండు చీటీలు ఖాళీగా ఉన్నాయి. మిగిలిన మూడూ నన్ను వదలడం లేదు. ఒకరు 'మీరు మెట్రో రైలు లెక్కలు చెబుతారు, నేను మెట్రో ఎక్కలేదు' అని రాశారు. ఒకరు 'మొదటి రెండు బెంచీల వాళ్లనే అడుగుతారు' అని రాశారు. మూడో చీటీలో 'అర్థమైందా అని మీరు అడిగినప్పుడు మీ ముఖం చూసి అర్థమైందని అంటాము' అని ఉంది. ఆ మాట చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పెద్దలను నేను అడగదలచినవి ఇవి. ఇంత ఎక్కువగా ఉన్న పొగడ్తను దేనికింద తీసుకోవాలి? ఒకే తరగతిలో కొందరు నిదానంగా, కొందరు వేగంగా చెప్పమంటే నేను ఎవరి మాట వినాలి? మా పాఠశాలలో ఒక సీనియర్ ఉపాధ్యాయురాలు, పిల్లలకు ఇలాంటి చనువు ఇస్తే భయభక్తులు పోతాయని హెచ్చరించారు. ఆమె మంచి ఉపాధ్యాయురాలు కనుక ఆ మాటను నేను తేలికగా తీసుకోలేకపోతున్నాను.


మొదటి సమాధానం: గణిత ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్

మేడమ్ గారూ, నమస్కారం. ఆ 27 చీటీలు మీ బోధన గురించి కంటే మీరు అడిగిన ప్రశ్న గురించి ఎక్కువ చెబుతున్నాయని నా అభిప్రాయం. 'నా బోధన గురించి రాయండి' అని మీరు అన్నప్పుడు పిల్లలు 'నా గురించి రాయండి' అని విన్నారు. పెద్దల మంచిచెడ్డలు పిల్లలు ఎంచకూడదని ఇంట్లో నేర్చుకున్న పిల్లవాడు, గురువు గురించి రాయమంటే మర్యాదగా ఉండే మాటే రాస్తాడు. దాన్ని అబద్ధమనీ అనలేము, సమాచారమనీ అనలేము. అది ఒక నమస్కారం. నమస్కారంగానే స్వీకరించి పక్కన పెట్టండి.

ఈసారి మీ గురించి కాకుండా పాఠం గురించి అడగండి. హార్వర్డ్‌లో గణాంక శాస్త్రం బోధించిన ఫ్రెడరిక్ మాస్టెల్లర్, ఉపన్యాసం ముగిసే ముందు విద్యార్థులను 'ఈ రోజు చెప్పినదాంట్లో మీకు అన్నిటికంటే మసకగా మిగిలినది ఏమిటి?' అని అడిగేవారు. ఆ పద్ధతి గురించి ఆయన 1989లో రాశారు. నేను దీన్ని మా తొమ్మిది, పది తరగతుల్లో చాలాకాలంగా వాడుతున్నాను. పీరియడ్ చివర మూడు నిమిషాలు చాలు. పాఠంలో తనకు మసకగా ఉన్నదేమిటో చెప్పడానికి పిల్లవాడు ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. అందుకే నిజం బయటికి వస్తుంది.

నిదానం, వేగం అన్న విషయంలో నాకు జరిగినది చెబుతాను. కొన్నేళ్ల కిందట సరళ సమీకరణాలు చెబుతున్నప్పుడు నాకూ మీలాగే రెండు రకాల మాటలూ వచ్చాయి. అప్పుడు నేను పిల్లలను వేగం గురించి అడగడం మానేసి, బోర్డు మీది లెక్కను నోట్సులోకి ఎక్కిస్తున్నప్పుడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో అక్కడ అంచున ఒక చుక్క పెట్టమన్నాను. సాయంత్రం నోట్సులు తిరగేస్తే, చుక్కలు చెల్లాచెదురుగా లేవు. దాదాపు అన్నీ ఒకేచోట ఉన్నాయి. రెండు వైపులా 5 తీసివేసి, ఆ తరువాత 3తో భాగించే రెండు పనులను నేను నోటితో ఒక్కసారే చెప్పి, బోర్డు మీద ఫలితం మాత్రమే రాస్తున్నాను. ఆ మెట్టు ముందే తెలిసిన పిల్లలకు మిగిలిన పాఠమంతా సాగదీతగా ఉంది, తెలియని పిల్లలకు ఆ ఒక్క క్షణమే అందనంత వేగంగా ఉంది. ఇద్దరూ నిజమే రాశారు. నేను ఆ ఒక్క మెట్టును రెండు వరుసలుగా రాసి, ముందున్న వివరణను కొంత తగ్గించాక రెండు ఫిర్యాదులూ తగ్గాయి. కాబట్టి ఎవరి మాట వినాలని కాక, ఎక్కడ అని అడగండి.

మొదటి రెండు బెంచీల సంగతి మాత్రం అభిప్రాయంతో తేలేది కాదు, లెక్కపెట్టి చూడవలసినది. తరగతిలో ఎవరెక్కడ కూర్చుంటారో ఒక కాగితం మీద గళ్లు గీసి, మీరు ఎవరిని పేరు పెట్టి ప్రశ్న అడిగితే ఆ గడిలో ఒక గీత పెట్టే పనిని ఒక విద్యార్థికి వారం రోజులు అప్పగించండి. నా కాగితం చూసినప్పుడు కిటికీ వైపు చివరి వరుస మొత్తం తెల్లగా ఉంది. నేను అందరినీ సమానంగా అడుగుతున్నానని అంతవరకూ మనసారా నమ్మాను.

దీనితో ముడిపడిన విషయం మరొకటుంది. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి పరిశీలించి, ప్రశ్న అడిగిన తరువాత ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవుగా, ఆలోచనతో రావడమే కాక, అంతకు ముందు నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక సెకనులో చేయి ఎత్తగలిగినవారు సాధారణంగా ముందు బెంచీల్లోనే ఉంటారు. మీకు మొదటి రెండు బెంచీల మీద పక్షపాతం ఉందని నేను అనుకోవడం లేదు, తొందర ఉండవచ్చు. మనసులో మూడు లెక్కపెట్టి, ఆ తరువాతే పేరు పిలవండి. మొదట్లో ఆ మూడు సెకన్లు చాలా దీర్ఘంగా అనిపిస్తాయి, పది రోజుల్లో అలవాటవుతుంది.


రెండో సమాధానం: డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, హైదరాబాద్

పై సమాధానంతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. కళాశాల అనుభవం నుంచి ఒక హెచ్చరిక, ఒక సూచన చేర్చదలచాను.

మా దగ్గర విద్యార్థుల అభిప్రాయ సేకరణ కొత్త కాదు. కళాశాలల నాణ్యతకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ న్యాక్ చేసే మూల్యాంకనంలో దానికి ప్రత్యేక స్థానముంది కనుక ప్రతి కళాశాలలోనూ ఫారాలు నింపిస్తారు. అయితే అవి సెమిస్టర్ చివర వస్తాయి. ఆ ఫారం నింపిన విద్యార్థికి దానివల్ల ఒక్క తరగతి కూడా మెరుగుపడదు, ఆ సంగతి అతనికి తెలుసు, అందుకే అన్ని గళ్లలోనూ ఒకే అంకె వేసి వెళ్లిపోతాడు. మీరు పాఠం మధ్యలో, సంవత్సరం ఇంకా మిగిలి ఉండగా అడిగారు. మీరు చేసినదాంట్లో అన్నిటికంటే విలువైనది అదే.

హెచ్చరిక ఏమిటంటే, నేర్చుకున్నామన్న భావన, నేర్చుకోవడం ఎప్పుడూ ఒకటి కావు. హార్వర్డ్‌లో లూయీ డెలోరియే బృందం భౌతికశాస్త్రం మొదటి స్థాయి విద్యార్థులతో చేసి, 2019లో ప్రచురించిన అధ్యయనం నా ఆలోచనను మార్చింది. ఒకే విషయాన్ని ఒక బృందానికి చక్కటి ఉపన్యాసంగా చెప్పారు, మరో బృందం చేత గుంపులుగా కూర్చోబెట్టి సమస్యలు చేయించారు. తామే సమస్యలు చేసినవారు పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. ధారాళంగా సాగే ఉపన్యాసం వింటున్నప్పుడు అంతా తెలిసిపోతున్నట్టే ఉంటుంది; సొంతంగా తడుముకుంటున్నప్పుడు ఏమీ రాదేమోనని అనిపిస్తుంది. మీ పిల్లలు రేపు 'నోట్సు చెప్పండి, రాసుకుంటాము' అనీ 'ఇంపార్టెంట్ ప్రశ్నలు మాత్రమే చెప్పండి' అనీ తప్పకుండా రాస్తారు. అలాంటివి వచ్చినప్పుడు మీరు ఎందుకు ఒప్పుకోవడం లేదో తరగతిలో కారణంతో సహా చెప్పండి. ఎక్కడ అర్థం కాలేదో, ఎప్పుడు భయమేసిందో, ఎవరికి అవకాశం రాలేదో పిల్లలే బాగా చెప్పగలరు. ఏ పద్ధతి వల్ల ఎక్కువ నేర్చుకుంటారో నిర్ణయించే బాధ్యత మాత్రం మనదే, దాన్ని వారి భుజాల మీద పెట్టకూడదు.

సూచన ఏమిటంటే, ఏడాదికి ఒకసారైనా మీరు లేనప్పుడు మీ తరగతితో మరొకరు మాట్లాడేలా చూడండి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ క్లార్క్ రూపొందించిన ఒక పద్ధతిలో, ఉపాధ్యాయుడు బయటికి వెళ్లాక ఒక సహోద్యోగి వచ్చి విద్యార్థులను చిన్న గుంపులుగా చేసి, నేర్చుకోవడానికి ఏది తోడ్పడుతోంది, ఏది అడ్డుపడుతోంది, ఏం మార్చవచ్చు అని అడుగుతాడు. గుంపులోని వారందరూ ఒప్పుకున్న మాటనే రాసుకుంటాడు. ఒక్కరి కోపం కానీ, ఒక్కరి అభిమానం కానీ అందులో పెద్దదై కనిపించదు. మిమ్మల్ని హెచ్చరించిన ఆ సీనియర్ ఉపాధ్యాయురాలినే ఈ పని చేసిపెట్టమని అడిగి చూడండి. పిల్లలు ఎంత మర్యాదగా, ఎంత ఆలోచించి మాట్లాడతారో ఆమె స్వయంగా విన్నాక ఆమెకున్న సందేహంలో కొంతైనా తీరవచ్చు.


మూడో సమాధానం: బి.ఎడ్. విద్యార్థి, హైదరాబాద్

మేడమ్, నేను మీ అందరికంటే చిన్నవాడిని. ఇటీవలి వరకూ చీటీ రాసే వైపు కూర్చున్నవాడిని కనుక ఆ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మా ఇంట్లో లంబాడీ మాట్లాడతాము. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా సార్ ఒకరు ఇలాగే అభిప్రాయాలు రాయమన్నారు. ఒక చీటీలో 'మీరు తిడితే చదువు మీద ఇష్టం పోతుంది' అని ఉంది. ఆయన దాన్ని తరగతిలో పైకి చదివి, చేతిరాత చూసి, రాసిన అబ్బాయిని లేచి నిలబడమన్నారు. ఏమీ అనలేదు, కొట్టలేదు, నిలబెట్టారు అంతే. ఆ ఏడాది ఇక మా తరగతిలో ఎవరూ ఏదీ రాయలేదు. పేరు రాయకపోయినా తమ చేతిరాత ఉపాధ్యాయులకు తెలుసని ప్రతి పిల్లవాడికీ తెలుసు. 41 నోట్సులు దిద్దే మీకు ఆ చీటీ ఎవరిదో బహుశా తెలిసే ఉంటుంది. తెలిసినా తెలియనట్టు ఉండటమే ఆ పిల్లకో, పిల్లవాడికో మీరివ్వగల రక్షణ. రాత దాచుకునే వీలుండాలంటే ముగ్గురు కలిసి మాట్లాడుకుని ఒకరు రాసే పద్ధతి పెట్టవచ్చు.

రెండోది భాష గురించి. 2022-23 నుంచి మన ప్రభుత్వ పాఠశాలల్లో దశలవారీగా ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది, పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదురు పేజీ తెలుగులో ఉంటోంది. మీరు చీటీలు ఏ భాషలో రాయమన్నారో చెప్పలేదు. ఇంట్లో ఉర్దూ, హిందీ, మరాఠీ, లంబాడీ మాట్లాడే పిల్లలు మన నగరంలో ప్రతి తరగతిలోనూ ఉన్నారు. తనకు ఏది అర్థం కాలేదో చెప్పడం ఏ భాషలోనైనా కష్టమే. రాని భాషలో చెప్పాలంటే 'మేడమ్ బాగా చెబుతారు' అన్న వాక్యమే చేతికి అందుతుంది. ఏ భాషలో రాసినా, ఏ లిపిలో రాసినా ఫరవాలేదని మీరు పైకి చెప్పాలి. చదవలేనివి ఉంటే ఉర్దూ పండితుల సాయం తీసుకోవచ్చు.

భయభక్తుల గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్, బాలలను భయం నుంచి, ఆందోళన నుంచి విముక్తుల్ని చేయాలనీ, తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా చెప్పడానికి వారికి తోడ్పడాలనీ చెబుతుంది. మేము ఈ మధ్యనే దాన్ని చదువుకున్నాము. ఆ చట్టం ఎనిమిదో తరగతి వరకే వర్తిస్తుందన్నది నిజమే. అయితే 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కును, సొంత అభిప్రాయం ఏర్పరచుకోగల పద్దెనిమిదేళ్ల లోపు వారందరికీ ఇస్తోంది. భారతదేశం 1992లో అందులో చేరింది. కాబట్టి మీరు పిల్లలకు అదనంగా చనువేమీ ఇవ్వలేదు, మేడమ్. 'మీ ముఖం చూసి' అని రాసిన ఆ విద్యార్థి మిమ్మల్ని నమ్మి రాశాడనే నేను అనుకుంటున్నాను. మా సార్‌కు అలాంటి మాట రాసే ధైర్యం మాలో ఎవరికీ ఉండేది కాదు.


నాలుగో సమాధానం: ప్రధానోపాధ్యాయుడు, హైదరాబాద్

క్లుప్తంగా చెబుతాను. చీటీలను మీ దగ్గరే ఉంచుకోండి. వాటిని రికార్డుగా మార్చి ఎవరికీ సమర్పించవద్దు, కాంప్లెక్స్ సమావేశంలో (చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు కలిసే సమావేశం) మాట్లాడవలసి వస్తే మీరు చేసిన మార్పు గురించి మాత్రమే మాట్లాడండి. చీటీలు తనిఖీ కాగితాలు అయిన రోజున అటు పిల్లలూ, ఇటు ఉపాధ్యాయులూ నిజం దాచడం మొదలుపెడతారు. ఇంకొక ముఖ్యమైన సంగతి: వారం దాటక ముందే పిల్లలకు జవాబు చెప్పండి. అడిగి ఊరుకోవడం కంటే అసలు అడగకపోవడమే మంచిది.


ప్రశ్న అడిగిన ఉపాధ్యాయురాలి నుంచి, నెల రోజుల తరువాత

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మీలో ప్రతి ఒక్కరి సూచననూ ఏదో ఒక మేరకు ఆచరించాను కనుక, ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

మరుసటి సోమవారమే తరగతిలో చీటీల గురించి మాట్లాడాను. ఏ చీటీనీ చేతిలో పట్టుకోలేదు, చదవలేదు. ఇకమీదట 'అర్థమైందా' అని అడగననీ, దానికి బదులు అర్థమైనదేమిటో రెండు వాక్యాల్లో పక్కవారికి చెప్పమంటాననీ, నేను వింటూ తిరుగుతాననీ చెప్పాను. ఆ మాట అంటున్నప్పుడు తరగతి చాలా నిశ్శబ్దంగా ఉంది.

గళ్ల కాగితం లెక్క నాకు బాధ కలిగించింది. మొదటి వారం నేను పేరు పెట్టి అడిగిన 52 ప్రశ్నల్లో 33 మొదటి రెండు బెంచీలకే వెళ్లాయి. మూడు సెకన్లు ఆగడం మొదలుపెట్టిన మూడో వారానికి ఆ సంఖ్య 19కి వచ్చింది. గోడ పక్కన కూర్చునే ఒక అమ్మాయి, జూన్ నుంచి ఒక్క మాట కూడా మాట్లాడనిది, త్వరణం ఋణాత్మకం ఎలా అవుతుందో బస్సు బ్రేకు వేయడంతో పోల్చి చెప్పింది. ఆమెకు ఆ సంగతి ముందు నుంచీ తెలుసునేమో, నేనే ఆగి వినలేదేమో.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది 'మసకగా మిగిలినది' అన్న ప్రశ్న. ఏ భాషలోనైనా రాయవచ్చని చెప్పి, దూరం, స్థానభ్రంశం మళ్లీ చెప్పిన రోజున అడిగాను. మెట్రోలో నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లి తిరిగి నాగోల్ వస్తే స్థానభ్రంశం సున్నా అని నేను ఏళ్ల తరబడి చెబుతున్న ఉదాహరణే అడ్డమని తేలింది. పదకొండు చీటీల్లో దాదాపు ఒకే సందేహం ఉంది: 'అంత దూరం వెళ్లి వచ్చాక సున్నా ఎలా అవుతుంది?' ఒకరు హిందీలో 'కాళ్లు నొప్పి పుడితే నడిచినట్టే కదా' అన్న అర్థం వచ్చేలా రాశారు. పిల్లలు నిర్వచనాన్ని మరచిపోలేదు, తమ శరీరానికి తెలిసిన సత్యాన్ని ఆ నిర్వచనం కాదంటోందని అనుకున్నారు. ఆ శ్రమ దూరం లెక్కలో పూర్తిగా ఉంటుందనీ, స్థానభ్రంశం శ్రమను కొలిచేది కాదనీ నేనెప్పుడూ విడిగా చెప్పలేదు.

మరునాడు పిల్లలను ఆవరణలోకి తీసుకువెళ్లాను. వేపచెట్టు దగ్గర ఇద్దరిని నిలబెట్టి, ఒకరు నడిచిన దారి పొడవునా ఒక దారం పరిచాము. బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటుకు తిన్నగా మరో దారం లాగాము. కుళాయి వరకు వెళ్లినప్పుడు రెండు దారాలూ ఉన్నాయి. తిరిగి చెట్టు దగ్గరకు వచ్చేసరికి మొదటి దారం రెట్టింపయింది, రెండోదానికి పొడవే లేదు. 'దారం ఎక్కడ లాగాలి మేడమ్, చోటే లేదు' అని ఒక అబ్బాయి అన్నాడు. అంతకంటే మంచి నిర్వచనం నేను ఇంతవరకూ చెప్పలేదు. వారం తరువాత అదే ప్రశ్న ఇస్తే 41 మందిలో 32 మంది తేడాను సొంత మాటల్లో సరిగా రాశారు.

నోట్సు చెప్పి రాయించమని ఏడుగురు అడిగారు. ఎందుకు రాయించనో చెప్పాను. వారు పూర్తిగా ఒప్పుకున్నారని అనుకోను. మా సీనియర్ మేడమ్ గారు నా తరగతికి వచ్చి పిల్లలతో మాట్లాడటానికి ఇంకా అంగీకరించలేదు కానీ, గళ్ల కాగితం ఎలా గీశానో చూపించమని నిన్న అడిగారు.

ఖాళీ చీటీలు మాత్రం ప్రతిసారీ రెండు వస్తూనే ఉన్నాయి. మొదట నేను వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఆ ఇద్దరికీ చెప్పడానికి ఏమీ లేదని కాక, బహుశా ఏ భాషలోనూ ధైర్యంగా రాయలేకపోతున్నారేమోనని అనుమానిస్తున్నాను. వచ్చే వారం నుంచి రాయడం ఇష్టం లేనివారు పుస్తకంలో మసకగా ఉన్న బొమ్మ మీదో, వాక్యం మీదో పెన్సిలుతో ఒక చుక్క పెట్టి పుస్తకాన్ని బల్ల మీద ఉంచితే చాలని చెప్పబోతున్నాను. ఇలాంటి పిల్లలతో ఎవరికైనా అనుభవం ఉంటే దయచేసి రాయండి.